పొయ్యి తట్టు తిరిగిన వీపు

ధ్యాన భాగం: నిర్గమకాండము 33:11–23

మా అమ్మాయి కోపెన్‌హాగన్ నుంచి పోస్టుకార్డు పంపింది. వాట్సాప్‌లో రోజూ పది ఫొటోలు పంపే పిల్ల, స్టాంపు అంటించి కార్డు పంపడమేంటా అనుకుంటూ తిప్పి చూశాను. నల్ల గౌను వేసుకున్న ఒక స్త్రీ. మనవైపు వీపు పెట్టి నిలబడింది. జుట్టు పైకెత్తి ముడి వేసుకోవడంతో మెడ వెనక భాగం తెల్లగా బయటపడింది. ఒక చేత్తో పళ్లేన్ని నడుముకు ఆనించి పట్టుకుంది. పక్కన బల్ల మీద మూత ఉన్న పింగాణీ గిన్నె. ఎదురుగా బూడిద రంగు గోడ. ఇంకేమీ లేదు. కార్డు వెనక అమ్మాయి రాసింది ఒక్క మాటే: "అమ్మా, అమ్మమ్మ చేట పట్టుకుని నిలబడినట్టు లేదూ?"

చేతిలో కార్డుతో చాలాసేపు వంటింటి గడప మీదే కూర్చుండిపోయాను.

మా అమ్మ ఫొటోలు ఇంట్లో చాలానే ఉన్నాయి. పెళ్లిది, నా బాప్తిస్మం నాటిది, నాయన రిటైరైన రోజు తీసింది. అన్నిట్లోనూ కెమెరా వైపు చూస్తూ బిగుసుకుని ఉంటుంది. ఆ మొహం నాకు తెలిసిన అమ్మది కాదనిపిస్తుంది. నాకు తెలిసిన అమ్మ పొయ్యి ముందు ఉంటుంది. కొంగు నడుముకు చెక్కుకుని ఉంటుంది. మెడ మీద చెమటకు తడిసిన పసుపుతాడు ముడి, రవికె భుజం మీద వెలిసిపోయిన కుట్టు, ముడిలోంచి జారిన రెండు వెంట్రుకలు, ఇవి కళ్లు మూసుకున్నా కనబడతాయి. ఆ వీపుకు ఒక్క ఫొటో కూడా లేదు. ఎవరూ తీయలేదు. వీపును ఫొటో తీయాలని మనకెందుకు తోస్తుంది?

డెన్మార్క్ చిత్రకారుడు విల్‌హెల్మ్ హామర్‌షోయ్‌కి తోచింది. 1864లో కోపెన్‌హాగన్‌లో పుట్టి 1916లో అక్కడే గొంతు క్యాన్సర్‌తో పోయాడు. 1898 నుంచి 1909 దాకా స్ట్రాండ్‌గాడె వీధిలోని 30వ నంబరు పాత ఇంట్లో భార్య ఈడాతో కాపురం ఉన్నాడు. ఆ పదకొండేళ్లూ ఎక్కువగా ఆ ఇంటి గదులనే గీశాడు. అవే గోడలు, అవే తెల్ల తలుపులు, అవే రెండు కుర్చీలు, అదే పింగాణీ గిన్నె. రంగులు ఎంత తగ్గితే బొమ్మ అంత బాగుంటుందని నమ్మిన మనిషి. బూడిద, గోధుమ, నలుపు, కాస్త తెలుపు, వీటితోనే సరిపెట్టుకున్నాడు. గదిలో మనిషి ఉంటే చాలాసార్లు ఆ మనిషి ఈడా. ఈడా ఉంటే చాలాసార్లు వీపే. నా చేతికొచ్చిన బొమ్మ 1904 నాటిది, అసలుది ఆ దేశంలోనే రాండర్స్ ఊరి మ్యూజియంలో ఉంది. మరుసటి ఏడు వేసిన 'విశ్రాంతి' పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అందులో ఆమె కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటుంది. అక్కడా మెడ, వీపు, భుజాలే.

ఈ బొమ్మల్లో ఒంటరితనం ఉందని, భార్యాభర్తల మధ్య మాటల్లేని ఎడబాటు ఉందని రాసినవాళ్లు ఉన్నారు. మనిషి మొహం తిప్పుకుంటే మనకు ముందు తట్టేది అదే కదా. నాకు మాత్రం ఆ మాట ఒప్పబుద్ధి కావడం లేదు. 1890లో, ఇంకా పెళ్లి కాకముందు, నిశ్చయమైన పిల్లగా ఉన్న ఈడాను ఆయన గీశాడు. అందులో ఆమె మొహం చూపిస్తుంది. పెళ్లి 1891లో. ఆ తర్వాత ఇంటిదైన ఈడా మెల్లగా వీపు తిప్పింది. మొహం పూర్తిగా మాయం కాలేదులెండి, 1907లో మళ్లీ ఒక ముఖచిత్రం ఉంది. అయినా కాపురం ముదిరే కొద్దీ ఆయనకు ఎక్కువగా కనబడింది, ఆయన ఎక్కువగా చూసింది ఆమె వెనకవైపే.

నాకు ఇందులో వింతేమీ కనబడదు. మన ఇళ్లలో జరిగేది అదే. చుట్టం వస్తే ఎదురు వెళతాం. కాళ్లకు నీళ్లిచ్చి, మొహంలోకి చూసి, ప్రయాణం బాగా జరిగిందా అని అడుగుతాం. బడి నుంచి వచ్చిన పిల్లకు ఎవరు ఎదురు వెళతారు? సంచీ మూలన పడేసి తనే లోపలికి వస్తుంది. వచ్చేసరికి అమ్మ వీపే కనబడుతుంది. మొహం చుట్టాలకి, వీపు ఇంటివాళ్లకి. ఒక మనిషి వీపును రోజూ, ఏళ్ల తరబడి చూసే హక్కు ఒకే కప్పు కింద బతికేవాళ్లకు తప్ప ఎవరికుంటుంది?

మన భాష ఈ విషయంలో రెండు పోకడలు పోతుంది. వెన్ను చూపడమంటే పారిపోవడం. వెన్నుపోటు అంటే ద్రోహం. పెడమొహం పెట్టడమంటే కోపం. అదే నోటితో వెన్ను తట్టడం అంటాం, వెన్నుదన్ను అంటాం, వెన్నంటి ఉండటం అంటాం. భామాకలాపంలో సత్యభామ మొహం కనబడకముందే తెర మీదుగా జడ వేస్తుంది కదా. కూచిపూడి వాళ్లకు ఆ జడే ఆమె, ముందు జడ తెలిస్తేనే తర్వాత మొహం. వీపుతో మనకు పాత పరిచయమే ఉంది.

మా నాయన షార్‌లో పనిచేశాడు. ఇప్పుడు దాన్ని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం అంటున్నారు, 2002లో ఆ పేరు పెట్టారు. మావైపు జనానికి ఈనాటికీ అది షారే. నా చిన్నతనం శ్రీహరికోట దీవిలోని క్వార్టర్సులోనే గడిచింది. పడమట పులికాట్ సరస్సు, మా ఊరి పెద్దోళ్ల నోట ప్రళయకావేరి. తూర్పున సముద్రం. మధ్యలో ఇసుక, సరుగుడు, తాడి చెట్లు, ఎండాకాలం ఉప్పుగాలి. ఒకప్పుడు ఈ దీవి అడవుల నుంచి మద్రాసు పొయ్యిలకు వంటచెరకు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో పోయేదని చెప్పేవారు. మాకంటే ఎంతో ముందు నుంచీ అక్కడ బతికిన యానాదులు సరస్సులో మోకాళ్ల లోతున వంగి చేపలు పట్టేవారు. సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వేసిన రోడ్డు మీద బస్సులో పోతూ చూస్తే, పొద్దుటి ఎండలో వాళ్ల వీపులే మెరుస్తూ కనబడేవి. వాళ్ల మొహాలు నేను ఎరగను.

10 ఆగస్టు 1979 నాకు గుర్తుంది, గుర్తుందంటే తారీఖు కాదు, తారీఖు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు ఆరేళ్లు. ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు మొదటిసారి ఎగిరి బంగాళాఖాతంలో పడిపోయిన రోజు అది. రాత్రి నాయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు, గోడవైపు తిరిగి. మేం పిల్లలం వెనక నుంచి చూస్తున్నాం. ఆ భుజాలు కదలలేదు. అమ్మ వచ్చి పక్కన మజ్జిగ దబరా పెట్టి, ఒక్క క్షణం ఆ వీపు మీద చెయ్యి వేసి, వెళ్లిపోయింది. ఏమీ అడగలేదు. దుఃఖంలో ఉన్న మనిషి మొహంలోకి తొంగిచూడటం మర్యాద కాదని నాకు నేర్పింది ఆ చెయ్యే.

ఆ పూట విలేకరుల ముందు నిలబడి ఓటమిని తన మీద వేసుకుంది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్. ఆ ప్రాజెక్టు బాధ్యుడు అబ్దుల్ కలాం. ధవన్ ఆయన్ను ఆ రోజు మాట్లాడనివ్వలేదు, తానే ముందుకొచ్చి మాట్లాడాడు. ఏడాది తిరగకుండా 18 జూలై 1980న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పుడు ధవన్ కలాంనే ముందుకు పంపి తను వెనకుండిపోయాడు. ఈ సంగతి కలాం జీవితాంతం చెబుతూ వచ్చాడు. నాకు ఈ కథలో ఎక్కువ ఇష్టమైన భాగం రెండోది. దెబ్బ తగిలేటప్పుడు ముందు నిలబడేవాళ్లు కొందరైనా దొరుకుతారు. పూలదండ వేళకు వెనక్కి జరిగేవాళ్లు కరువు.

ఆ 1980 జూలై ఉదయం మా ఇంట్లో ఏం జరిగిందో నేనిప్పుడు చెప్పాలి. క్వార్టర్సులో పిల్లా జెల్లా అంతా బయటే ఉన్నారు. నాయన డ్యూటీలో ఉన్నాడు. అమ్మ మాత్రం వంటింట్లో ఉండిపోయింది. చేటలో బియ్యం చెరుగుతోంది. నేను పరుగున లోపలికొచ్చి "అమ్మా, రా అమ్మా, పోతాది" అని కొంగు లాగాను. చేట నడుముకు ఆనించుకుని కిటికీ దగ్గర నిలబడింది. చెరిగిన తవుడు ధూళి ఇంకా గాలిలోనే ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండలో అది అలా ఆడుతోంది. నాకు ఆకాశం కనబడలేదు, పొట్టిదాన్ని కదా. అమ్మ వీపు, దాని చుట్టూ ఎండ, ఎండలో ధూళి, ఇవే కనబడ్డాయి. నేల అదిరింది. షెల్ఫు మీద గ్లాసులు గలగలమన్నాయి. అమ్మ వీపు ఒక్కసారి పైకి లేచి దిగింది. ఊపిరి పీల్చుకుంది కాబోలు. దేశం మొత్తానికి గొప్పదైన ఆ ఉదయాన నేను చూసింది అంతే.

ఏళ్ల తర్వాత తెలిసింది, హామర్‌షోయ్ 1900లో ఒక ఖాళీ గదిని గీశాడని. మనుషులు లేరు. మూసిన తలుపు, కిటికీ, అందులోంచి ఏటవాలుగా పడే వెలుగు, వెలుగులో ఆడే ధూళి. ఆ బొమ్మ పేరే సూర్యకిరణాల్లో ధూళి నాట్యం. మా అమ్మాయి దాన్ని ఫోనులో పంపినప్పుడు నాకు తవుడు వాసన వచ్చింది.

మోషే సంగతికి వస్తాను. ఇవాళ్టి ధ్యాన భాగం అది, ఇంత దూరం తిరిగి దాని దగ్గరికే రావాలని నా ఉద్దేశం.

మోషే దేవుడి మహిమను చూడాలని అడుగుతాడు. అప్పటికే చాలా జరిగిపోయింది. బంగారు దూడ, పగిలిన పలకలు, జనం మీద కోపం, జనం కోసం బతిమాలడం. అలసిపోయిన మనిషి అడిగే అడుగు అది. దేవుడు కాదనడు, సరే అని పూర్తిగా అననూ అనడు. నా మొహం చూసి మనిషి బతకలేడు అంటాడు. తన దగ్గరే ఒక చోటుందంటాడు. బండ సందులో నిన్ను నిలబెడతాను, నేను దాటిపోయేదాకా నా చేతితో నిన్ను కప్పుతాను, తర్వాత చెయ్యి తీస్తాను, నువ్వు నా వీపు చూస్తావు అంటాడు.

చిన్నప్పుడు సండేస్కూల్లో ఈ కథ విన్నప్పుడు నాకు మోషే మీద జాలి కలిగింది. అంత అడిగితే వీపేనా? పెద్దయ్యాక కూడా దీన్ని లోటుగానే చదివాను, మనకు పూర్తిగా దక్కని దర్శనమని. కార్డు వచ్చిన రోజు మళ్లీ తెరిచి మొదటి నుంచి చదివితే, అదే అధ్యాయంలో ఏడు వచనాల ముందే ఇంకొక మాట ఉంది. స్నేహితుడితో స్నేహితుడు మాట్లాడినట్టు దేవుడు మోషేతో ముఖాముఖి మాట్లాడేవాడని. అంటే మోషే చుట్టం కాదు. గుడారంలోకి వచ్చిపోయే మనిషి, ఇంటి మనిషి. ఆ ఇంటి మనిషికే వీపు చూపించాడు. ఇన్నాళ్లూ ఈ రెండు వచనాలూ ఒకదానికొకటి పొసగవని అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు ఒకదాని వెనక ఒకటి నడిచొచ్చినట్టు కనబడుతున్నాయి. స్నేహితుడు కాబట్టే వీపు.

మాది దక్షిణాంధ్ర లూథరన్ సంఘం. 1860లలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చినవాళ్లు సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు మొదలుపెట్టిన పని నుంచి పుట్టింది. ఈడా పుట్టి పెరిగిన డెన్మార్క్ కూడా 1536 నుంచి లూథర్ బాటలో నడిచిన దేశమే. ఇంకా వెనక్కి పోతే, ఇదే తీరం వెంబడి దక్షిణాన తరంగంబాడిలో 1706లో డెన్మార్క్ రాజు పంపిన మిషనరీలు దిగారు. వాళ్ల తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్ట్‌జ్ మద్రాసు చేరి తెలుగు నేర్చుకుని బైబిలును మన భాషలోకి తెచ్చాడు. అది అచ్చుకు నోచుకోలేదు. ఎవరి కంటా పడని పని.

లూథర్ పేరు ఎందుకు ఎత్తానంటే, 1518 ఏప్రిల్‌లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన వాదం కోసం ఆయన రాసుకున్న ప్రతిపాదనల్లో ఇరవయ్యోది ఈ వీపు మీదే నిలుస్తుంది. దేవుణ్ణి ఎదురుగా, మహిమలో చూడాలని ఎగబాకేవాడికి ఆయన తెలియడని, శ్రమలో, సిలువలో కనబడే దేవుడి వెనకవైపును చూసి గుర్తుపట్టినవాడికే ఆయన తెలుస్తాడని ఆ మాట సారం. సిలువ మోస్తూ పోయే ప్రభువు వెనక నడిచినవాళ్లకు కనబడింది ఏమిటి? వీపే కదా. కొరడా దెబ్బలతో చీలిన వీపు. ఆ దారిలో ఎదురుపడి మొహం చూసినవాళ్లలో ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. వెనక నడిచినవాళ్లలో ఏడ్చిన స్త్రీలు ఉన్నారు.

గొర్రెలు కాపరి వెనకే పోతాయని ప్రభువు చెప్పాడు. మా నెల్లూరు వైపు మందతో ఇద్దరుంటారు, ఒకరు ముందు, ఒకరు వెనక. ముందు నడిచేవాడు నోటితో ఏదో కూత వేస్తూ పోతుంటాడు, వెనక్కి చూడడు. మంద దుమ్ము రేపుకుంటూ ఆ భుజం మీది గొంగడిని చూసుకుంటూ పోతుంది. గొర్రెకు కాపరి మొహం ఎప్పుడు కనబడుతుంది? అది కుంటినప్పుడు, ఈనినప్పుడు, ముల్లు గుచ్చుకున్నప్పుడు, ఆయన వంగినప్పుడు. మిగతా రోజంతా నడిచిపోయే వీపే. కాపరి మొహం రోజంతా కనబడుతూ ఉందంటే, మంద ఎక్కడికీ పోవడం లేదనే అర్థం.

నాకు ప్రార్థన ఎండిపోయిన రోజులు ఉన్నాయి. అమ్మ జబ్బుపడ్డ ఏడాది అలాంటిదే. రాత్రి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ప్రభువా, ఇటు చూడు, ఒక్కసారి ఇటు తిరుగు అని అడిగిన రోజులు. జవాబు రాలేదు. ఆయన నా మీద అలిగాడనుకున్నాను, పెడమొహం పెట్టాడనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గేమీ లేదు. కీర్తనలు రాసినవాళ్లూ ఇలాగే అడిగారు, నీ మొహం ఎందుకు దాచుకున్నావని.

ఆ రోజుల్లో నాకు గుర్తు రావలసిన మాట ఒకటుంది, రాలేదు. బడి నుంచి వచ్చి నేను అమ్మ వీపుతో కబుర్లు చెప్పేదాన్ని. టీచరు ఏమన్నది, ఎవరు ఎవరిని కొట్టింది, లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయి. పొయ్యి మీద పులుసు కాగుతుండేది. అమ్మ తిరిగేది కాదు. నాకు ఉక్రోషం వచ్చి "నువ్వు వినడం లేదు పో, ఇటు తిరుగు" అని కాలు నేలకు తాటించేదాన్ని. అప్పుడనేది, గరిటె తిప్పుతూనే: "మొగం పొయ్యి తట్టున్నా చెవులు నీ తట్టే ఉండాయి, చెప్పవే." నిజంగానే వినేది. మరుసటి రోజు రాత్రి నాయనతో ఆ కథంతా ఒక్క పేరు తప్పకుండా చెప్పేది. ఆమె తిరగకపోవడానికి కారణం నా మీద అయిష్టం కాదు, నా అన్నం. నా కోసమే అటు తిరిగి ఉంది.

ఇది తెలియడానికి నాకు ఇంత వయసు వచ్చింది.

రాకెట్టు కూడా అంతే కదా అని ఈ మధ్య అనిపించింది. సూళ్లూరుపేటలో ఇప్పుడు మేముండే ఇంటి మేడ మీద నిలబడితే ప్రయోగం కనబడుతుంది. ముందు సరస్సు అవతల వెలుగు లేస్తుంది, శబ్దం ఉండదు. నిప్పుల తోక పైకి పోతూ ఉంటుంది. పోయేదాని ముక్కు మనకెక్కడ కనబడుతుంది, వెనకవైపే. శబ్దం వచ్చేసరికి దాదాపు నిమిషం పడుతుంది. 14 జూలై 2023 మధ్యాహ్నం చంద్రయాన్-3 పోయినప్పుడు వీధి మొత్తం మేడల మీదే ఉంది. నేను అందరికంటే వెనక నిలబడ్డాను. అందరి వీపులూ, వాటి మీదుగా పొగ గీత. అది దాటి ఎంతో పైకి పోయాక మా కిటికీ అద్దాలు గడగడలాడాయి. దాటిపోయాక వచ్చింది ఆ మోత. బండ సందులో నిలబడ్డ మోషేకు కూడా ఆ చెయ్యి తీసింది దాటిపోయాకే.

అంతకు ముందు రోజే అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ మా ఊరి చెంగాళమ్మ గుడికి వెళ్లి వచ్చాడు. ప్రయోగాలకు ముందు అక్కడికి వెళ్లడం వాళ్లకు అలవాటు. మా ఇంటి విశ్వాసం వేరు, అయినా ఆ గుడి గురించి ఒక సంగతి నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆ గుడికి తలుపులు ఉండవు. పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. తట్టాల్సిన పని లేదు. హామర్‌షోయ్ గదుల్లోనూ తలుపులు చాలాసార్లు బార్లా తెరిచి ఉంటాయి. ఒక గదిలోంచి ఇంకో గది, దాంట్లోంచి ఇంకొకటి కనబడతాయి. ఎవరూ గుమ్మం దాకా ఎదురు రారు. ఇంటివాళ్లకు అలా తెరిచి ఉంచితే చాలు.

నేనిప్పుడు కార్డును పొయ్యి పక్కన, మసాలా డబ్బాల మీద, గోడకు అతికించాను. నూనె చిటపటలకు ఒక మూల అప్పుడే పసుపు రంగు తిరిగింది. ఈడా అలాగే నిలబడి ఉంది. భర్త పోయాక ఆమె ఇంకా ముప్పై మూడేళ్లు బతికింది, 1949 దాకా. ఆ ఏళ్లలో ఆ బొమ్మల్లో తన వీపును తను చూసుకున్నప్పుడు ఏమనుకుందో. మన వీపు మనకెప్పుడూ కనబడదు కదా. మన గురించి ఇంత తెలిసిన చూపు ఒకటి మన వెనక ఉండిందని ఎవరో చూపిస్తేనే తెలుస్తుంది.

నిన్న రాత్రి అమ్మాయి వీడియో కాల్ చేసింది. ఇక్కడ వంటవేళ, అక్కడ ఇంకా మధ్యాహ్నమే. ఫోను గట్టు మీద ఉప్పు డబ్బాకు ఆనించి, చేపల పులుసులో చింతపండు రసం పోస్తూ వింటున్నాను. లైబ్రరీలో ఏదో జరిగింది, గదిలో హీటర్ పాడైంది, ఇంటి మీద బెంగగా ఉంది, ఒకదాని వెనక ఒకటి చెబుతోంది. మధ్యలో ఆపి "అమ్మా, నువ్వు వింటున్నావా? ఒకసారి ఇటు తిరుగు" అంది.

నేను ఆలోచించలేదు. చేతిలో గరిటె ఉంది, పులుసు పొంగడానికి సిద్ధంగా ఉంది. "మొగం పొయ్యి తట్టున్నా..." అని నా నోట్లోంచి వచ్చేసింది.

అటువైపు ఏ చప్పుడూ లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"అట్నే ఉండమ్మా," అంది కాసేపటికి, "తిరగొద్దులే." తర్వాత హీటర్ సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

ప్రార్థన

ప్రభువా, ఈ పూట పొయ్యి ముందు నిలబడ్డవాళ్లను, సరస్సులో వంగి వల లాగుతున్నవాళ్లను, కంప్యూటర్ల ముందు రాత్రంతా కూర్చుని ఎవరికీ మొహం చూపించలేని షార్ పిల్లలను జ్ఞాపకం చేసుకో. పరాయి దేశంలో చలిగదిలో ఉన్న మా బిడ్డ వీపు మీద నీ చెయ్యి వెయ్యి. నువ్వు ఏ పనిమీద అటు తిరిగి ఉన్నావో నేను అడగను. నేను చెప్పేది విను. ఆమెన్.